ఓటీపీ చెప్పలేదు, కార్డు బీరువాలోనే ఉంది, అయినా డబ్బు పోయింది: ఆధార్ వేలిముద్రపై అపోహలు - వాస్తవాలు

"ఎవరికీ ఓటీపీ చెప్పలేదండీ. ఏ లింకూ నొక్కలేదు. ఏటీఎం కార్డు బీరువా దాటి బయటికి రాలేదు."

ఆధార్ వేలిముద్రతో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఫిర్యాదుకు వచ్చి మొదట చెప్పే మాట ఇదే. వాళ్ళు చెప్పేది నిజం. కౌంటరు అవతలి మనిషి మాత్రం నమ్మడు. "మీరు చెప్పకుండా ఎలా పోతుంది? ఇంట్లో పిల్లల్ని అడగండి" అని పంపేస్తాడు. వాళ్ళు ఇంటికి వెళ్ళి కొడుకునో కోడలినో అనుమానించి, గొడవపడి, వారం తర్వాత మళ్ళీ వస్తారు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఎందుకు గడిచిపోయిందో కింద చెబుతాను. ముందు అసలు అపోహ సంగతి చూద్దాం.

అపోహ: ఓటీపీ గానీ పిన్ గానీ లేకుండా ఖాతాలో రూపాయి కదలదు

కదులుతుంది. ఆధార్ ఎనేబుల్డ్ పేమెంట్ సిస్టమ్, అంటే ఏఈపీఎస్‌లో డబ్బు తీయడానికి మూడే కావాలి: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. కిరాణా కొట్లో, మీసేవ పక్కన, బ్యాంక్ మిత్ర దగ్గర ఉండే చిన్న యంత్రంలో ఆపరేటరు మీ నంబరు కొట్టి, జాబితాలో బ్యాంకును ఎంచుకుని, మొత్తం వేసి, స్కానరు మీద వేలు పెట్టమంటాడు. వేలు సరిపోలితే ఖాతాలో డబ్బు తగ్గుతుంది. పిన్ అడగదు, ఓటీపీ రాదు, ఖాతా నంబరు కూడా అక్కర్లేదు. ఒక్కో లావాదేవీకి పరిమితి రూ.10,000.

దీన్ని ఇలా తయారు చేయడానికి కారణం ఉంది. ఫోను లేని అవ్వ, పిన్ గుర్తుంచుకోలేని తాత, ఏటీఎం లేని ఊరు. ఉపాధి హామీ కూలి డబ్బు కోసం మండల కేంద్రానికి బస్సెక్కి పోవాల్సిన పని తప్పించింది ఇదే. కాబట్టి వ్యవస్థనే ఎత్తేయాలనడం పట్నంలో కూర్చున్నవాళ్ళ మాట. చిక్కల్లా ఎక్కడంటే, ఖాతాకు ఆధార్ జతచేసిన రోజునే ఈ తలుపు తెరుచుకుంటుందని చాలామందికి తెలియదు. చాలా బ్యాంకుల్లో దీనికి విడిగా దరఖాస్తు ఉండదు, సంతకం ఉండదు.

మరి వేలు మన చేతికే ఉంది కదా, ముద్ర వాళ్ళకెలా దొరికింది? ఆధార్ సర్వరును ఎవరో హ్యాక్ చేశారన్న ప్రచారం ప్రతిసారీ మొదలవుతుంది. అంత కష్టం ఎవరూ పడలేదు. 2001లో రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఏ సెక్షన్ చేర్చారు. స్థలం కొన్నా అమ్మినా దస్తావేజుకు ఫొటో, వేలిముద్ర జతచేయాలి. సిరా ముద్ర తెల్లకాగితం మీద స్పష్టంగా పడుతుంది. ఆ దస్తావేజులు స్కాన్ అయి ఆన్‌లైన్‌కు ఎక్కాయి. అదే ఫైల్లో, రెండు పేజీల అవతల, ఆధార్ జిరాక్సు. నంబరూ ముద్రా ఒకే చోట దొరికాయి. ఇక కావలసింది బ్యాంకు పేరు. ఆ ఊళ్ళో ఉండే నాలుగైదు బ్యాంకులు ఒక్కొక్కటీ కొట్టి చూస్తే అదీ తేలుతుంది.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఇలాగే భూమి దస్తావేజుల్లోని ముద్రలతో నకిలీ వేళ్ళు తయారుచేసి, టార్గెట్ కోసం వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అప్పుడు పోయింది సిమ్‌లే కదా అని అందరూ తేలిగ్గా తీసుకున్నారు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా అదే దారిలో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి ముద్రలు తీసి ఏకంగా ఖాతాలే ఖాళీ చేసింది. ఇప్పుడు ముద్రల మీద ముసుగు వేసినా, అప్పటికే దించుకున్న కాపీలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో లెక్క లేదు.

దస్తావేజు మీద పడింది ఎడమ బొటనవేలే కాబట్టి ఇకపై వేరే వేలు వాడితే చాలని కొందరు సలహా ఇస్తున్నారు. పనికిరాదు. ఆధార్‌లో పది వేళ్ళూ నమోదయ్యాయి, ఏది పెట్టినా సరిపోలుతుంది. మీరు వాడటం మానేసినంత మాత్రాన ఎడమ బొటనవేలు జాబితాలోంచి పోదు.

2023 ఫిబ్రవరి నుంచి ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ వేలిముద్ర గీతల్ని పోల్చడంతో ఆగకుండా, వేలి చిత్రాన్ని కూడా చూసి అది ప్రాణమున్న వేలేనా అని పరీక్షిస్తోంది. స్కానర్లలో కూడా ముద్రను పరికరం లోపలే ఎన్‌క్రిప్ట్ చేసే ఎల్1 రకం వచ్చాయి. రబ్బరు వేలితో పని కష్టమైంది. మోసం మాత్రం ఆగలేదు, రూటు మార్చుకుంది.

ఇప్పుడు జరిగేది ఇలా ఉంటుంది. పెద్దావిడ రెండు వేలు తీసుకుందామని వస్తుంది. మొదటి వేలిముద్రతో ఆపరేటరు బ్యాలెన్సు చూస్తాడు. పదకొండు వేలు ఉన్నట్టు తెలిసింది. "పడలేదమ్మా, వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టు" అంటాడు. రెండోసారి రెండు వేలు కొట్టి చేతికిస్తాడు. "రసీదు కోసం ఇంకోసారి" అని మూడోసారి తొమ్మిది వేలు కొట్టి జేబులో వేసుకుంటాడు. వేలు అసలుదే, ఆధార్ అసలుదే, ఆవిడ స్వయంగా వచ్చినట్టు సీసీ కెమెరాలో కూడా ఉంటుంది. అందరు ఆపరేటర్లూ ఇలాంటివాళ్ళు కారు, నిజంగానే పనిచేసి వేలు అరిగిపోయిన రైతుకు నాలుగుసార్లు పెట్టినా పడదు. అందుకే ఈ మాటను అనుమానించడం కష్టం.

చేయగలిగింది ఇది. వేలు పెట్టేముందు తెర మీద మొత్తం చూడండి; చదవడం రాకపోతే పక్కవాళ్ళతో చదివించండి. "పడలేదు" అంటే విఫలమైనట్టు రసీదు అడగండి, అది కూడా ప్రింటు అవుతుంది. ఫోనుకు మెసేజ్ వచ్చేదాకా రెండోసారి వేలు పెట్టొద్దు. ఖాతాకు ఫోను నంబరు జతకాకపోతే అదే వారంలో పాస్‌బుక్ వేయించండి. డబ్బు తగ్గి, చేతికి రాకపోతే అది మోసమే అనుకోనక్కర్లేదు. నెట్‌వర్క్ తెగినా అలా అవుతుంది. 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఐదు రోజుల్లో వెనక్కి జమ కావాలి. ఆపైన ప్రతి రోజుకూ రూ.100 పరిహారం.

అపోహ: బయోమెట్రిక్ లాక్ చేస్తే పథకాల డబ్బు ఆగిపోతుంది

ఆధార్‌లో మన వేలిముద్ర పనిచేయకుండా ఆపే తాళమే ఈ లాక్. ఈ భయంతోనే తాళం ఉండి కూడా వేసుకోవట్లేదు. డబ్బు ఖాతాలోకి రావడానికి వేలిముద్రతో పని లేదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఫలానా ఆధార్‌కు ఫలానా బ్యాంకు అని ఒక పట్టిక ఉంటుంది, గ్యాస్ సబ్సిడీ అయినా రైతు డబ్బయినా దాన్ని చూసి జమ అవుతుంది. లాక్ ఆపేది వేలు, కనుపాప, ముఖం చూపించి చేసే పనుల్ని మాత్రమే. ఓటీపీతో జరిగే ఆధార్ పనులు కూడా మామూలుగానే నడుస్తాయి.

ఆగేవి ఏమిటో తెలిసి ఉండాలి: రేషన్ షాపులో ఈపాస్ యంత్రం, వేలిముద్రతో ఇచ్చే పింఛను, లైఫ్ సర్టిఫికెట్, వేలితో చేసే ఈకేవైసీ (గుర్తింపు నిర్ధారణ). అక్కడ వేలు పెడితే 330 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. దాన్ని చూసి వేలు అరిగిపోయిందనుకుని ఆధార్ సెంటరుకు పరిగెత్తేవాళ్ళున్నారు. లాక్ పడి ఉందని దాని అర్థం, అంతే. ఆధార్ యాప్‌లో లాక్‌ను తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాలు తెరుచుకుని దానంతటదే మళ్ళీ పడిపోతుంది. డీలరు దగ్గర మీ వంతు వచ్చాకే తెరవండి, ఇంటి దగ్గర తెరిచి బయల్దేరితే దారిలోనే పడిపోతుంది.

వేయడం ఎలా: యూఐడీఏఐ మైఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయ్యి 'లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్' తెరిచి, షరతులకు టిక్ పెట్టి ముందుకు వెళ్ళాలి. ఆధార్‌కు జతైన ఫోను నంబరు చేతిలో ఉండాలి. పక్కనే 'లాక్/అన్‌లాక్ ఆధార్' అని ఇంకోటి ఉంటుంది, చాలామంది పొరపాటున అది నొక్కుతారు. అది నంబరునే మూసేస్తుంది. తర్వాత ఆధార్ నంబరుకు బదులు వాడే 16 అంకెల వర్చువల్ ఐడీతోనే పనులు జరుగుతాయి, తెరవాలన్నా ఆ ఐడీ కావాలి. మర్చిపోతే రిజిస్టర్ అయిన ఫోను నుంచి 1947కు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఆర్, వి, ఐ, డి అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆధార్ చివరి నాలుగంకెలు పంపితే తిరిగి వస్తుంది.

ప్రతి నెలా వేలితోనే పింఛను తీసుకునే, ఫోను వాడని పెద్దవాళ్ళకు ఈ తాళం నెత్తిన భారమే. వాళ్ళ విషయంలో బ్యాంకుకు లేఖ రాసి ఏఈపీఎస్ విత్‌డ్రాయల్ ఆపించడం మేలు, కొన్ని బ్యాంకుల యాప్‌లలో ఆ మీట ఉంటుంది కూడా. అదీ కాకపోతే, పొలం అమ్మిన డబ్బూ పింఛనూ ఒకే ఖాతాలో పెట్టకండి. ఇక్కడ ఇంకో పొరపాటు: పథకాల డబ్బు పడే ఖాతాకే ప్రమాదం అనుకుంటారు. ఎన్‌పీసీఐ పట్టిక జమ కోసం. డబ్బు తీయడానికి ఆధార్ జతైన ఏ బ్యాంకునైనా ఎంచుకోవచ్చు.

అపోహ: పోయిన డబ్బు పోయినట్టే

పై రెండిటికన్నా దీనివల్ల నష్టపోయేవాళ్ళే ఎక్కువేమో. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులో లెక్క తేటగా ఉంది. తప్పు మీదీ కాకుండా, బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీ మీద ఒక్క రూపాయి భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య అయితే పరిమిత భారం: జీరో బ్యాలెన్సు ఖాతాకు గరిష్ఠంగా రూ.5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు రూ.10,000, పోయిన మొత్తం అంతకన్నా తక్కువైతే అదే. ఏడు దాటితే బ్యాంకు సొంత విధానం. మొదట్లో చెప్పిన "ఇంట్లో పిల్లల్ని అడగండి" అన్న మాట ఖరీదు ఇది. బ్యాంకు తప్పిదమని తేలితే గడువుతో పనే లేదు.

తెలియజేసిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఖాతాదారుదే తప్పని నిరూపించాల్సింది బ్యాంకే. "మీరు తీయలేదని రుజువేంటి?" అని అడిగితే ఈ వాక్యం గుర్తుచేయండి.

వరస ఇది. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను; డబ్బు ఇంకా ఎక్కడైనా ఆగి ఉంటే పట్టుకునే అవకాశం తొలి గంటల్లోనే. అదే రోజు బ్రాంచిలో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాట ఫిర్యాదు కాదు. అందులో తేదీ, సమయం, మొత్తం, మెసేజ్‌లో ఉండే 12 అంకెల ఆర్ఆర్ఎన్ (లావాదేవీ గుర్తింపు నంబరు) రాయండి. "ఓటీపీ రాలేదు" అని రాయడం కన్నా "ఈ లావాదేవీ ఏఈపీఎస్ ద్వారా జరిగింది, నేను చేయలేదు, ఆపరేటరు ఐడీ, యంత్రం ఉన్న చోటు తెలపండి" అని రాయండి. మీరు నెల్లూరులో ఉండగా యంత్రం ఇంకో రాష్ట్రంలో ఉంటే వాదన అక్కడితో ఆగిపోతుంది. తర్వాత మైఆధార్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ, అంటే మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో చూపే జాబితా తీయండి: ఆరు నెలల వరకు, ఒకసారికి 50 ఎంట్రీలు కనిపిస్తాయి. బయోమెట్రిక్ అని ఉండి, ఆ రోజు మీరెక్కడా వేలు పెట్టని వరసను ప్రింటు తీసి జతచేయండి. వెంటనే బయోమెట్రిక్ లాక్ చేయండి, ఒకసారి దారి దొరికినవాడు మర్నాడు మళ్ళీ వస్తాడు. 30 రోజులకూ బ్యాంకు బదులివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అడగడానికి నంబరు 14448.

మిగతావి, గబగబా

*జిరాక్సు ఇస్తే ఖాతా ఖాళీ అవుతుంది.* జిరాక్సు ఒక్కదానితో కాదు. కానీ లాడ్జీ రిజిస్టరులో పూర్తి నంబరు దేనికి? చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. 2022 మేలో యూఐడీఏఐ బెంగళూరు కార్యాలయం జిరాక్సులు ఇవ్వొద్దని చెప్పడం, రెండు రోజులకే కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకోవడం జనాన్ని మరింత గందరగోళపరిచింది.

*ఆధార్‌లో మన కులం, ఆస్తులు, బ్యాంకు బ్యాలెన్సు అన్నీ ఉంటాయి.* ఉండవు. పేరు, పుట్టిన తేదీ, లింగం, చిరునామా, ఫొటో, పది వేళ్ళు, రెండు కనుపాపలు, ఇస్తే ఫోను, ఈమెయిల్. ఈమెయిల్ ఇవ్వండి, వేలు ఎక్కడ వాడినా దానికి కబురు వస్తుంది.

*ఫోను అన్‌లాక్‌కు పెట్టే వేలిముద్ర కూడా ఇలాగే పోతుంది.* అది ఫోను దాటి బయటికి పోదు, దానికీ ఆధార్‌కూ సంబంధం లేదు. ముద్ర కాజేస్తారు, రెండు వేళ్ళు చూపించి సెల్ఫీ దిగొద్దన్న వాట్సాప్ మెసేజ్ పంపేవాళ్ళు, తమ దస్తావేజు పీడీఎఫ్ ఎంతమంది ఏజెంట్లకు పంపారో ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

*బ్యాంకుకు, సిమ్‌కు, బడికి ఆధార్ తప్పనిసరి, సుప్రీంకోర్టే చెప్పింది.* తిరగేసి చెబుతున్నారు. 2018 సెప్టెంబరు 26 తీర్పు బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు తప్పనిసరి అనడాన్ని కొట్టేసింది, బడిలో చేర్చుకోవడానికి తప్పనిసరి కాదంది. పాన్‌తో లింకును, ప్రభుత్వ సబ్సిడీలకు ఆధార్‌ను మాత్రం నిలబెట్టింది. కాబట్టి ఏ పథకం డబ్బూ పడని సేవింగ్స్ ఖాతా ఉంటే, వేరే గుర్తింపు పత్రం ఇచ్చి దాని నుంచి ఆధార్ తీసేయమని బ్యాంకును లిఖితంగా అడగవచ్చు. తీసేశాక ఆ ఖాతాకు ఏఈపీఎస్ పనిచేయదు.