హ్యాండ్‌షేకింగ్ ఆన్‌లోనే ఉంది, మరి బైట్లు ఎలా పోతున్నాయి?

అపోహ: హార్డ్‌వేర్ హ్యాండ్‌షేకింగ్, అంటే కంప్యూటర్, మోడెమ్ ఒకదానికొకటి "పంపు", "ఆగు" అని చెప్పుకునే ఆర్‌టీఎస్/సీటీఎస్ లైన్లు, పెట్టుకుంటే డేటా పోయే ప్రసక్తే లేదు.

పాత కంప్యూటర్‌కి 28.8 మోడెమ్ (ఫోన్ లైను మీద సెకనుకు 28,800 బిట్లు పంపేది) తగిలించినవాళ్లు నాతో తరచూ అనే మాట ఇది. దీన్ని నమ్మి మోడెమ్‌ని అనుమానిస్తారు, కేబుల్ మారుస్తారు, చివరికి కొత్త మోడెమ్ కొంటారు. డబ్బు దండగ.

వాస్తవం: ఈ పాత కంప్యూటర్లలో ఆర్‌టీఎస్‌ని దించేది, అంటే మోడెమ్‌ని ఆగమనేది, సీరియల్ పోర్టు చిప్ కాదు, డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్. మెమరీలో తన బఫర్ (వచ్చిన బైట్లు దాచుకునే చోటు) నిండబోతోందని తెలిసినప్పుడే దించుతుంది. అసలు బైటు ఆ బఫర్ దాకా చేరాలి కదా! 8250, 16450 అనే సీరియల్ పోర్టు చిప్‌లలో వచ్చిన బైటు ఆగడానికి చోటు ఒక్కటే. పోర్టు వేగం సెకనుకు 57,600 బిట్లు ఉంటే, స్టార్ట్, స్టాప్ బిట్లు కలిపి 10 బిట్లకో బైటు, అంటే సుమారు 174 మైక్రోసెకన్లకొకటి వచ్చి పడుతుంది. ఈలోగా ప్రాసెసర్ దాన్ని తీసుకోవాలి. డిస్క్ పనిలో ఇంటరప్టులు (బైటు వచ్చిందని ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు) కాస్త ఎక్కువసేపు ఆగాయా, తర్వాతి బైటు వచ్చి పాతదాన్ని చెరిపేస్తుంది. డ్రైవర్ బఫర్ మాత్రం ఖాళీగానే ఉంటుంది కాబట్టి అది మోడెమ్‌ని ఆగమనదు.

ఒకాయన రెండో మోడెమ్ కూడా కొనేసి, ఇక టెలిఫోన్ లైనే పాడైందని తేల్చేసుకుని వచ్చారు. పక్కన కూర్చుని చూశాను. హార్డ్ డిస్క్ లైటు వెలిగినప్పుడల్లా ఫైళ్లు దించే జెడ్‌మోడెమ్ ప్రోటోకాల్ చూపే ఎర్రర్ల లెక్క పెరుగుతోంది. పోర్టు వేగం 19,200కి దించగానే ఆగిపోయింది. విండోస్ మూసేసి డాస్‌లో ఎంఎస్‌డీ (కంప్యూటర్ భాగాల వివరాలు చూపే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) నడిపితే, యూఏఆర్‌టీ, అంటే సీరియల్ పోర్టు చిప్, అన్నచోట 8250 అని కనిపించింది. 16550ఏ ఉన్న సీరియల్ కార్డు వేశాం. పాత మోడెమే హాయిగా పనిచేసింది. ఈ చిప్‌లో 16 బైట్ల ఫిఫో (వచ్చిన బైట్లు వరుసలో ఆగే చోటు) ఉంటుంది, 115,200 మీద కూడా మిల్లీసెకనుకు పైగా ఓపిక పడుతుంది. కానీ ఫిఫోని సాఫ్ట్‌వేర్ ఆన్ చేయాలి, లేకపోతే అదీ 16450తో సమానమే.

"వీ.42 ఎర్రర్ కరెక్షన్ ఉందిగా?" ఉంది, రెండు మోడెమ్‌ల మధ్య. మోడెమ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య జరిగేది దానికి తెలియదు.

"28.8 మోడెమ్‌కి పోర్టు 115,200 పెట్టాల్సిందే" అనేదీ పుకారే. కంప్రెషన్ వల్ల టెక్స్ట్ వేగంగా వస్తుంది నిజమే, జిప్ ఫైళ్లకు మాత్రం 38,400 చాలు. చిప్ మార్చలేనివాళ్లు టెన్షన్ పడకుండా వేగం తగ్గించుకోండి.

మరి లైన్లకు బదులు డేటాలోనే "పంపు", "ఆగు" సంకేతాలు పంపే ఎక్స్‌ఆన్/ఎక్స్‌ఆఫ్? బైనరీ ఫైళ్లకు వద్దు. ఫైల్లో 19 విలువున్న బైటు మామూలుగా వచ్చినా, అందుకునే యంత్రం దాన్ని ఆగమన్న సంకేతం అనుకుంటుంది.

పాత మ్యాక్ ఉన్నవాళ్లకు ఇంకో తిప్పలు. దాని గుండ్రటి ఎనిమిది పిన్నుల పోర్టులో బయటికి వెళ్లే హ్యాండ్‌షేక్ లైను ఒక్కటే. హార్డ్‌వేర్ హ్యాండ్‌షేకింగ్ కేబుల్లో ఆర్‌టీఎస్, డీటీఆర్ (కంప్యూటర్ సిద్ధంగా ఉందని మోడెమ్‌కి చెప్పే లైను) రెండూ దానికే కలిపి ఉంటాయి. మ్యాక్ కాసేపు ఆగమంటే మోడెమ్ ఏకంగా ఫోన్ పెట్టేస్తుంది. ఇనిషియలైజేషన్ స్ట్రింగ్‌లో (మోడెమ్‌కి మొదట పంపే ఆదేశాల్లో) &D0 చేర్చండి, మోడెమ్ డీటీఆర్‌ని పట్టించుకోదు.