మసాకి కథ చూసిన పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీరు ముగ్గురూ కలిసి రాసిన ఉత్తరం అందింది. సెలవుల్లో కూర్చుని ఆ జపాన్ సీరియల్ మొత్తం చూశామనీ, చివరి భాగం అయ్యాక రాత్రి నిద్ర పట్టలేదనీ రాశారు. "మసాకి చనిపోవలసిందేనా?" అని పెద్దది అడిగింది. "తప్పు చేసినందుకే ఆమెకు అలా అయిందా?" అని చిన్నవాడు కింద ఇరికించి రాశాడు. మొదటి ప్రశ్నకు వైద్యం చదివిన ఎవరైనా జవాబు చెప్పగలరు. రెండోదానికి జవాబు చెప్పాలంటే జపాన్‌లో అంతకుముందు ఏం జరిగిందో కొంత తెలిసి ఉండాలి. ఉద్యోగ జీవితమంతా ఆసుపత్రి లేబొరేటరీలో రక్తపరీక్షలు చేస్తూ గడిపినదాన్ని కాబట్టి రెండింటికీ నాకు తెలిసినంతలో రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు చూసిన "కమిసమ, మో సుకొషి దకే" 1998 జూలై నుంచి సెప్టెంబరు దాకా ఫుజి టీవీలో పన్నెండు భాగాలుగా వచ్చింది. పేరుకు అర్థం "దేవుడా, ఇంకొంచెం మాత్రం" అని. కథానాయిక మసాకి హైస్కూలు విద్యార్థిని. కెయిగో అనే సంగీత నిర్మాత అంటే ఆమెకు ప్రాణం. అతని కచేరీ టికెట్టుకు డబ్బు కావలసి, ఒకే ఒక్కసారి, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషితో డబ్బుకు గడుపుతుంది. ఆ తర్వాత కెయిగోతో పరిచయం, ప్రేమ, అటుపైన తనకు హెచ్‌ఐవీ ఉందన్న వార్త. ఆ తర్వాతిది మీకు నేను చెప్పనక్కరలేదు. మసాకిగా నటించిన క్యోకో ఫుకదకు అప్పటికి పదిహేనేళ్లే. కెయిగోగా వేసిన తకెషి కనెషిరో తైపేలో పుట్టినవాడు, అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. చివరి భాగం వచ్చిన రాత్రి తోక్యో చుట్టుపక్కల ఇళ్లలో నాలుగో వంతుకు పైగా ఈ సీరియలే చూశాయి. అన్ని ఇళ్లలో ఒకేసారి ఒక హెచ్‌ఐవీ రోగి కోసం కన్నీళ్లు పెట్టుకున్నారంటే, అక్కడ అంతకుముందు పదేళ్లుగా ఏం జరుగుతోందో తెలిసినవాళ్లకు అది చిన్న విషయంగా కనిపించదు.

హెచ్‌ఐవీ ముదిరిన దశనే ఎయిడ్స్ అంటారు. జపాన్‌లో మొదటి ఎయిడ్స్ రోగిని అధికారికంగా ప్రకటించింది 1985లో. ఆ తర్వాత రెండేళ్లకు, 1987 జనవరిలో, కోబె నగరంలో ఒక స్త్రీకి ఎయిడ్స్ ఉందని ప్రభుత్వం ప్రకటించింది. దేశంలో ఈ జబ్బు బయటపడిన మొదటి మహిళ ఆమే. కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. జబ్బుతో చనిపోయిన మనిషి ఇంటి గడప దగ్గర ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడతారు. కానీ ఆమె అంత్యక్రియల చోట పెట్టిన ఫోటోను సైతం ఒక వారపత్రిక అచ్చువేసింది, ఆమె ఎవరితో తిరిగిందన్న ఊహాగానాలు వారాల తరబడి నడిచాయి. కోబెలో పరీక్షా కేంద్రాల ఫోన్లు ఆగకుండా మోగాయి. ఈ భయంలోంచే 1989లో ఎయిడ్స్ నివారణ చట్టం వచ్చింది. వైద్యుడి సూచనలు పాటించకుండా ఇతరులకు అంటించే ప్రమాదం ఉందనిపించిన రోగి పేరూ చిరునామా అధికారులకు చేరవేసే వీలు ఆ చట్టంలో ఉండేది. రోగిని కాపాడటం కంటే రోగి నుంచి మిగతావాళ్లను కాపాడటమే దాని ధ్యాస. దాన్ని రద్దుచేసింది 1999లో, అంటే మీరు చూసిన సీరియల్ ప్రసారమైనప్పుడు ఆ చట్టం ఇంకా అమల్లోనే ఉంది.

ఇంకో వైపు, హీమోఫీలియా ఉన్న పిల్లల కథ నడుస్తోంది. హీమోఫీలియా వాళ్లకు రక్తం గడ్డకట్టదు, చిన్న దెబ్బ తగిలినా ఆగదు. వాళ్లకు ఇచ్చే మందును ఎందరో దాతల రక్తం కలిపి తయారుచేసేవారు. వేడిచేసి వైరస్‌ను చంపిన మందు వచ్చాక కూడా, వేడిచేయని పాత మందునే వాడుతూ పోయారు. అక్కడి సుమారు 5,000 మంది హీమోఫీలియా రోగుల్లో 1,400 మందికి పైగా హెచ్‌ఐవీ సోకింది. వాళ్లలో చాలామంది పిల్లలు. 1989లో ఒసాకాలోనూ తోక్యోలోనూ ప్రభుత్వం మీదా మందుల కంపెనీల మీదా కేసులు వేశారు. వేసినవాళ్లు తమ పేర్లు బయటికి రానివ్వలేదు, కోర్టు కాగితాల్లో అంకెలతోనే ఉన్నారు.

1995 మార్చిలో పందొమ్మిదేళ్ల రియుహెయి కవాద తన పేరుతో, తన ముఖంతో ప్రజల ముందుకు వచ్చి, తనకు హెచ్‌ఐవీ ఉందని చెప్పాడు. పదేళ్ల వయసులో తల్లి అతనికి ఈ సంగతి చెప్పింది. అంటే మీ చిన్నవాడి ఈడులో తెలుసుకుని, తొమ్మిదేళ్లు కడుపులో పెట్టుకున్నాడు. ఆ ఏడాది జూలైలో వేలమంది విద్యార్థులూ ఉద్యోగులూ చేయీ చేయీ కలిపి ఆరోగ్యశాఖ భవనం చుట్టూ నిలబడ్డారు. 1996లో ఆరోగ్య మంత్రి నవోతో కాన్ బాధితుల ముందు తలవంచి క్షమాపణ చెప్పారు, మార్చిలో ఒక్కొక్కరికి 4.5 కోట్ల యెన్ల చొప్పున పరిహారంతో రాజీ కుదిరింది. కవాద 2007లో తోక్యో నుంచి జపాన్ పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికయ్యారు, మరుసటి ఏడు పెళ్లి చేసుకున్నారు. మసాకి కథ చూసి దిగులుపడ్డ మీకు, ఆమె కంటే కొన్నేళ్లే పెద్దవాడైన ఈ మనిషి జీవితం కూడా తెలిసి ఉండాలని ప్రత్యేకంగా రాస్తున్నాను.

అయితే ఈ పోరాటం గెలిచినా ఒక పాడు విభజన మాత్రం మిగిలిపోయింది. మందు వల్ల సోకినవాళ్లు పాపం తెలియనివాళ్లు, మిగతావాళ్లు చేజేతులా తెచ్చుకున్నవాళ్లు అని జనం లెక్క వేసుకున్నారు. చిన్నవాడు అడిగిన ప్రశ్న ఆ లెక్కలోదే. వైరస్‌కు ఈ లెక్కలు తెలియవు. నేను పరీక్షించిన సీసాల్లో ఏది ఏ రకం మనిషిదో రక్తం చూసి చెప్పగలిగిన రోజు ఒక్కటీ లేదు. సీరియల్ రాసినవాళ్ల ధైర్యం నాకు ఇక్కడే కనిపిస్తుంది. జనం సానుభూతి సులువుగా దొరికే హీమోఫీలియా కుర్రాణ్ణి కథానాయకుడిగా పెట్టుకోవచ్చు. వాళ్లు ఆ పని చేయకుండా, ఊరంతా వేలెత్తి చూపే రకం అమ్మాయినే ఎంచుకుని, ఆమె కోసం దేశం చేత ఏడిపించారు.

కానీ ఒకచోట వాళ్లూ జారారని నా అభిప్రాయం. డబ్బిచ్చిన ఆ పెద్దమనిషి కథలో మొదట వచ్చి, తన పని అయ్యాక దాదాపు మాయమవుతాడు. బరువంతా పదిహేడేళ్ల పిల్ల నెత్తిన పడుతుంది. పాఠశాల పిల్లల్ని డబ్బుతో లోబరుచుకోవడం గురించి ఆ రోజుల్లో జపాన్ పత్రికలన్నీ రాశాయి, కానీ ఎక్కువగా ఆ పిల్లల ఫ్యాషన్ సంచుల గురించీ ఫోన్ల గురించీ రాశాయి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి డబ్బిచ్చి వాడుకున్న పెద్దవాళ్లను దేశమంతటా శిక్షించే చట్టం 1999లో వచ్చింది, మసాకి కథ ముగిసిన మరుసటి ఏడాది. అలాంటిచోట నేరం ఎప్పుడూ పెద్దవాడిదే, పిల్లది కాదు. కెయిగో విషయం కూడా నాకు పూర్తిగా మింగుడుపడలేదు. పేరూ డబ్బూ ఉన్న పెద్దవాడికీ, అతన్ని ఆరాధించే స్కూలు పిల్లకూ మధ్య సమానమైన ప్రేమ ఎంతవరకు సాధ్యమో మీరే ఆలోచించండి. నేపథ్య సంగీతం ఎంత బాగున్నా ఆ ప్రశ్న పోదు.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. సీరియల్‌లో జబ్బు నడిచిన వేగం నిజానికి దూరం. హెచ్‌ఐవీ శరీరంలోకి వచ్చాక మందు వాడకపోయినా ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున పదేళ్లు పడుతుంది. మన రక్తంలో సీడీ4 అనే రక్షక కణాలు ఉంటాయి. ఆరోగ్యవంతుల్లో ఘన మిల్లీమీటరుకు 500కు పైగా ఉండే ఈ కణాలు వైరస్ వల్ల ఏటేటా తగ్గుతూ 200 కంటే దిగజారితే, మామూలుగా మనల్ని ఏమీ చేయలేని సూక్ష్మజీవులు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. అరుదుగా కొందరిలో ఇది త్వరగా జరుగుతుంది, కానీ కథలో చూపినట్లు కొద్ది సంవత్సరాల్లో ముగిసిపోవడం అందరికీ రాసిపెట్టింది కాదు. ఒక్క కలయికలోనే సోకే అవకాశం కూడా సగటున నూటికి ఒకటి కంటే చాలా తక్కువ. అయినా సున్నా కాదు కాబట్టి అక్కడ సీరియల్‌ను తప్పుపట్టను.

పైగా 1996 నాటికే వైద్యం మలుపు తిరిగింది. మూడు మందులు కలిపి ఇస్తే వైరస్ అణిగిపోతుందని ఆ ఏడాది వాంకూవర్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో తేలింది, మసాకి టీవీలో కనిపించేసరికి జపాన్ ఆసుపత్రుల్లోనూ ఆ మందులు ఉన్నాయి. మింగడం మాత్రం తపస్సే. ఇండినావిర్ అనే మందును ఎనిమిది గంటలకొకసారి, ఖాళీ కడుపుతో వేసుకోవాలి. మూత్రపిండాల్లో రాళ్లు రాకుండా రోజుకు లీటరున్నర నీళ్లకు తగ్గకుండా తాగాలి. తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి వేసుకునేవాళ్లు. వేసుకున్నవాళ్లు బతికారు, మరణశయ్య మీంచి లేచి మళ్లీ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. కాబట్టి పెద్దదానికి నా జవాబు ఇది: 1998లో కూడా, వేళకు చికిత్స మొదలుపెట్టి ఉంటే, మసాకి చనిపోవలసిన పని లేదు. ఆమెను చంపింది ఎక్కువగా కథ అవసరం. ప్రేమకథలో నాయిక చివర్లో చనిపోతేనే కన్నీళ్లు పూర్తిగా వస్తాయని అక్కడి రచయితలకే కాదు, మన సినిమా వాళ్లకూ గట్టి నమ్మకం.

మసాకి కన్న బిడ్డ సంగతి కూడా అడిగారు కదా. తల్లికి హెచ్‌ఐవీ ఉంటే బిడ్డకు వచ్చి తీరుతుందన్నది అప్పుడూ నిజం కాదు, ఇప్పుడూ కాదు. ఏ మందూ లేకపోతే పుట్టేటప్పుడూ పాలిచ్చేటప్పుడూ కలుపుకుని నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకవచ్చు. 1994లోనే ఒక్క ఏజడ్‌టీ మందుతో ఈ ప్రమాదాన్ని మూడింట రెండు వంతులు తగ్గించవచ్చని అమెరికా, ఫ్రాన్స్ పరిశోధనలో తేలింది. ఇవాళ గర్భం తొలినాళ్ల నుంచే తల్లి మందులు సరిగ్గా వాడితే అది నూటికి రెండు కంటే తక్కువ.

మన దగ్గర సంగతి క్లుప్తంగా చెబుతాను. అంచనాల ప్రకారం దేశంలో మహారాష్ట్ర తర్వాత హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. అంటే మీ తరగతిలోనో వీధిలోనో మందు వేసుకుంటూ బడికి వచ్చే పిల్లలు ఉండవచ్చు, మీకు తెలియకపోవచ్చు, తెలియవలసిన అవసరమూ లేదు. 2004 నుంచి, హెచ్‌ఐవీకి చికిత్స చేసే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది మూడు మందులు కలిసిన టీఎల్‌డీ అనే ఒకే మాత్ర, రోజుకొకటి. దాన్ని మానకుండా వాడి వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుంచి భాగస్వామికి సోకదు. 2016లో వెలువడిన ఐరోపా పరిశోధనలో, అలాంటి వందల జంటల్లో ఒక్కరికి కూడా తమ భాగస్వామి నుంచి రాలేదు.

2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఆ కారణంతో బడిలోంచో ఉద్యోగంలోంచో ఆసుపత్రిలోంచో పంపకూడదు. ఇందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. హెచ్‌ఐవీ సోకిన కుటుంబంలో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల తగినంత పరిణతితో ఇంటి వ్యవహారాలు చూసుకుంటూ ఉంటే, తన తమ్ముడికో చెల్లెలికో బడిలో చేర్పించడం, వైద్యం చేయించడం వంటి పనులకు సంరక్షకురాలిగా సంతకం చేయవచ్చు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న ఇళ్లలో అక్కలే తల్లులవుతారని చట్టం రాసినవాళ్లు గుర్తించారన్నమాట.

పరీక్ష ఎలా ఉంటుందని రెండోది అడిగింది. భయపడేదేమీ లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ అనే సలహా, పరీక్షల గది ఉంటుంది. కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టి మాట్లాడి, ఒప్పుదల తీసుకుంటారు. వేలి చివర గుచ్చిన చుక్క రక్తం చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద వేస్తే, పట్టీ సరిగ్గా పనిచేస్తోందని చెప్పే గీత ఒకటి తప్పకుండా రావాలి. దాని పక్కన ఇంకో గీత వస్తే అంతటితో పాజిటివ్ అని చెప్పేయరు, వేరే కిట్లతో మళ్లీ పరీక్షించి నిర్ధారించాకే చెబుతారు. ఫలితం ఆ మనిషికి మాత్రమే, తలుపు వేసి చెబుతారు. వైరస్ సోకిన మొదటి వారాల్లో పట్టీ మీద గీత రాకపోవచ్చు, అందుకే అనుమానం ఉన్నవాళ్లను మూడు నెలలకు మళ్లీ రమ్మంటారు. జపాన్‌లోనూ హొకెంజో అనే ఆరోగ్య కేంద్రాల్లో పేరు చెప్పకుండా ఉచితంగా చేయించుకోవచ్చు. అయినా అక్కడ కొత్తగా బయటపడేవారిలో ఇప్పటికీ సుమారు మూడో వంతు మందికి, ఎయిడ్స్ దశ వచ్చాకే తమకు జబ్బుందని తెలుస్తోంది. మందు లేక కాదు, పరీక్షకు వెళ్లడానికి సిగ్గుపడి.

మీకు గానీ, మీ స్నేహితులకు గానీ ఇంట్లో అడగలేని సందేహం ఏదైనా ఉంటే 1097కు ఫోన్ చేయండి. అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వారి ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు, పేరు అడగరు. అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ