సహజీవనం ముగిస్తే ఇల్లెవరిది? అపోహలు – వాస్తవాలు

పెళ్లి చేసుకోకుండా కలిసి ఉన్న జంట విడిపోతే విడాకుల కేసు ఉండదు గనుక, ఇంటి సంగతి కూడా కోర్టు దాకా పోదని చాలామంది అనుకుంటారు. కుటుంబ వివాదాలు చూసే న్యాయవాదిగా నేను గమనించినంతవరకు, ఈ తగవుల్లో అసలు చిక్కు ఇంటి దగ్గరే వస్తుంది.

అపోహ: తాళి కట్టలేదు కాబట్టి, ఇల్లు అతని పేరున ఉంటే ఆమె పెట్టె సర్దుకోవలసిందే.

వాస్తవం: 2006 అక్టోబరు నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం భార్యకే కాక, వివాహాన్ని పోలిన సంబంధంలో ఉన్న స్త్రీకి కూడా వర్తిస్తుంది. కలిసి కాపురమున్న ఇల్లు సొంతదైనా అద్దెదైనా, దానిమీద ఆమెకు ఏ యాజమాన్యమూ లేకపోయినా, 17వ సెక్షన్ ప్రకారం అక్కడ నివసించే హక్కు ఆమెకు ఉంటుంది. ఆ ఇంట్లోకి రానివ్వకపోవడాన్ని చట్టం ఆర్థిక హింసగానే లెక్కిస్తుంది. ఒకే ఇంట్లో ఉండటం కుదరని పరిస్థితిలో, అదే స్థాయి వసతి వేరేచోట చూపమని గానీ అద్దె చెల్లించమని గానీ మేజిస్ట్రేటు 19వ సెక్షన్ కింద అతన్ని ఆదేశించవచ్చు. ఆచరణలో ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ అద్దె ఉత్తర్వే. అయితే ఇది నివాస హక్కే తప్ప ఆస్తిలో వాటా కాదు. పురుషుడికి ఈ చట్టం కింద అటువంటి హక్కు లేదు.

కలిసి ఉన్న ప్రతి జంటా ఈ పరిధిలోకి రాదు. ఇద్దరూ పెళ్లికి అర్హులై, లోకం ఎదుట భార్యాభర్తల్లా మెలుగుతూ, చెప్పుకోదగినంత కాలం ఇష్టపూర్వకంగా కలిసి ఉండాలని 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతనికి అప్పటికే పెళ్లయిందని తెలిసి కలిసి ఉన్న స్త్రీకి 2013 నాటి ఇంద్రా శర్మ తీర్పులో రక్షణ దక్కలేదు. ఆ తీర్పు కఠినమైనదనే నేను ఇప్పటికీ అనుకుంటాను.

అపోహ: ఒకసారి గడప దాటితే హక్కు పోయినట్లే.

వాస్తవం: గతంలో ఎప్పుడైనా కలిసి నివసించిన ఇల్లు కూడా చట్టం నిర్వచనంలోకి వస్తుంది. హైదరాబాద్‌లో గొడవపడి విజయవాడలోని పుట్టింటికి చేరిన స్త్రీ అక్కడి మేజిస్ట్రేటు కోర్టులోనే దరఖాస్తు చేసుకోవచ్చు. వెళ్లడానికి చోటే లేకపోతే మహిళా సహాయవాణి 181కి ఫోన్ చేసి, బాధిత స్త్రీలకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రం సాయం కోరవచ్చు. అక్కడి వసతి కొద్ది రోజులకే పరిమితం. ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, ఆధార్ చిరునామా, బ్యాంకు స్టేట్‌మెంట్ల వంటివాటి నకళ్లు దగ్గరుంచుకోవడం మంచిది.

అపోహ: డబ్బు పెట్టింది నేను కాబట్టి, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున జరిగినా ఇల్లు నాదే.

వాస్తవం: నేను చూసినంతలో ఎక్కువ నష్టం తెచ్చే నమ్మకం ఇదే. ఒకరి డబ్బుతో మరొకరి పేరున ఆస్తి కొనడాన్ని నిషేధించేది బేనామీ చట్టం; ఆదాయ మార్గం తెలిసిన సొమ్ముతో భార్య లేదా భర్త పేరున కొంటే అది మినహాయింపునిస్తుంది. సహజీవన భాగస్వామికి ఆ మినహాయింపు లేదు. ప్రేమతో కొనిపెట్టానంటే ఆ ఇల్లు అవతలివారిదే అవుతుంది. నా కోసమే వారి పేరున కొన్నానంటే అది బేనామీ అవుతుంది, దాని కోసం దావా వేసే దారి కూడా మూసుకుపోతుంది.

ఇద్దరి పేర్లా కొన్న ఫ్లాటు విషయం కొంత మేలు. ఎవరెంత పెట్టారో లెక్కలుంటే ఆ నిష్పత్తిలో, లేకపోతే సమానంగా వాటాలు ఉన్నట్లు భావిస్తారు. కానీ గృహరుణానికి ఇద్దరూ సంతకం చేసి ఉంటే బ్యాంకు మొత్తం బాకీని ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోగలదు. కాబట్టి వాటా రాసిచ్చేవారు తమను రుణం నుంచి తప్పిస్తూ బ్యాంకు ఇచ్చే లిఖితపూర్వక అంగీకారం చేతికి వచ్చాకే రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి.