మావయ్య వాళ్ళింటి అటక మీద ఏం జరుగుతోందంటే

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో నా వెనకాల గులాబీ రంగు పీచు మిఠాయిలాంటిది మూటలు మూటలుగా బయటికి పోతుంటే చూసి అదేంటి తాతయ్యా అని అడిగారు, ఆ మిషన్ మోతలో చెప్పడం కుదర్లేదు, అందుకే ఇప్పుడు కూర్చుని టైప్ చేస్తున్నా. కొంచెం పొడుగే, అయినా ఓపిగ్గా చదవండి, ఆదివారం ఫోన్‌లో ప్రశ్నలు వేస్తా.

ముందు ఇక్కడి ఇళ్ళ సంగతి. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊరి పక్కన మావయ్య కొన్నది 1956లో కట్టిన ఇల్లు. మన స్లాబులాంటిది ఉండదు. గదికి పైన చెక్క దూలాలు, వాటికి కింద నుంచి కొట్టిన జిప్సం బోర్డే సీలింగు, దాని మీద చీకటి అటక, ఆ పైన ఏటవాలు కప్పు, అంతే. చలికాలం బయట సున్నాకి చాలా కిందకి పోతుంది, లోపల హీటర్ రాత్రీ పగలూ నడుస్తుంది, ఆ వేడికి అర అంగుళం బోర్డు ఏం అడ్డం. అందుకని దూలాల మధ్య ఇన్సులేషన్ అని ఒక పీచు పరుస్తారు. అది చేసేదల్లా గాలిని చిన్న చిన్న అరల్లో కదలకుండా పట్టి ఉంచడం, కదలని గాలిలోంచి వేడి తొందరగా దాటిపోలేదు. అదే పీచు తడిసిందనుకోండి, అణిగిపోయిందనుకోండి, ఆ అరలు పోతాయి, ఇక అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

మీరు చూసిన గులాబీది ఫైబర్‌గ్లాస్. నిజంగా గాజే, కరిగించి సన్నగా నూలులా లాగుతారు. అది పుట్టింది కూడా ఈ ఒహాయో రాష్ట్రంలోనే, 1930ల్లో న్యూవార్క్ అనే ఊళ్ళో, తర్వాత 1938లో ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ పెట్టారు. రంగు మాత్రం కలిపిందే, గాజుకి గులాబీ రంగు ఎక్కడిది. చెయ్యి పెడితే దురద, కళ్ళు మంట. కేన్సర్ వస్తుందేమోనని ఒకప్పుడు అనుమానించారు గానీ ఇళ్ళల్లో వాడే గాజు పీచుని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ కేన్సర్ విభాగం ఆ అనుమానపు జాబితాలోంచి తీసేసింది. దురద మటుకు దురదే.

ఇప్పుడు అసలు సంగతి. పాతబడింది కదా అని ఇన్సులేషన్ తీసేయక్కర్లేదు! మొదట వచ్చిన కాంట్రాక్టరు అటకలోకి తల పెట్టి టార్చి కొట్టి రెండు నిమిషాల్లో దిగి మొత్తం పీకేయాలండీ అన్నాడు. నేను ఆర్ అండ్ బీలో జీవితమంతా కాంట్రాక్టర్లతో గడిపినవాణ్ణి, రెండు నిమిషాల్లో చెప్పే ఎస్టిమేటుని నమ్మను. ఎందుకు పీకాలి అని అడిగితే పాతదండీ అన్నాడు. పాతదైతే ఏం, పొడిగా శుభ్రంగా ఉన్న పీచు మీద ఇంకో పొర వేసుకోవచ్చు, గాజు కుళ్ళదు కదా. తీయాల్సింది ఎప్పుడంటే నీళ్ళు పడి తడిసినప్పుడు, బూజు పట్టినప్పుడు, పొగ వాసన పట్టినప్పుడు, ఎలుకలు కాపురం పెట్టినప్పుడు. మన కేసు చివరిది, ఎలుకలు. రెండో ఆయన వచ్చి గంటసేపు పాకి చూసి ఫోటోలు తీసి చూపించాడు, పీచు నిండా సొరంగాలు, పెంటికలు, మూత్రం వాసన. ఒక మూల స్నానాలగది ఫ్యాన్ గొట్టం బయటికి కాకుండా అటకలోకే వదిలేసి ఉంది, ముందు ఓనరు చేయించిన ఘనకార్యం, ఆవిరంతా అక్కడే తగిలి చెక్క నల్లగా బూజు పట్టింది. అప్పుడు నేనే అన్నా, సరే తీయించు రా అని.

తీసే ముందు ఇంకొకటి చూడాలి, ఇది మటుకు ఆటగా తీసుకోవద్దు. ఈ దేశంలో 1990కి ముందు కట్టిన చాలా ఇళ్ళ అటకల్లో పీచు బదులు బూడిద రంగులోనో బంగారు రంగులోనో గులకరాళ్ళంత పలుకులు పోసి ఉంటాయి, పేరు వర్మిక్యులైట్. మన గూడూరు వైపు గనుల్లో దొరికే అభ్రకానికి చుట్టమే, వేడి చేస్తే పొరలు విచ్చుకుని ఉబ్బుతుంది. అమెరికాలో అమ్మిన దాంట్లో చాలా భాగం మోంటానా రాష్ట్రంలో లిబ్బీ అనే ఒక్క ఊరి గని నుంచి వచ్చింది, జోనోలైట్ అని సంచుల మీద పేరు. ఆ గనిలో వర్మిక్యులైట్‌తో పాటు ఆస్బెస్టాస్ అని ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఒక రాతి పీచు కూడా కలిసి ఉంది. 1963లో డబ్ల్యు.ఆర్.గ్రేస్ కంపెనీ ఆ గని కొని 1990 దాకా తవ్వింది. గనిలో పనిచేసినవాళ్ళు ఆ దుమ్ము బట్టలకి అంటించుకుని ఇంటికెళ్తే పెళ్ళాం పిల్లలకి కూడా ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయి, వందల మంది పోయారు. 1999లో సియాటిల్ పేపర్ ఒకటి రాస్తే గానీ దేశానికి తెలియలేదు, ఆ తర్వాతే ప్రభుత్వం కదిలింది, 2009లో అక్కడ ప్రజారోగ్య ఎమర్జెన్సీ ప్రకటించారు. గని మూసి ఎన్నో ఏళ్ళయింది గానీ అందులోంచి వచ్చిన పలుకులు ఇంకా జనం నెత్తి మీద అటకల్లోనే ఉన్నాయి. అందుకే ఇక్కడి పర్యావరణ శాఖ వాళ్ళ మాట ఒకటే, వర్మిక్యులైట్ కనిపిస్తే ఆస్బెస్టాస్ ఉందనే అనుకోండి, కదపకండి, అటకలో సామాన్లు పెట్టకండి, తీయించాలంటే లైసెన్సు ఉన్నవాళ్ళనే పిలవండి. కదపనంత కాలం పెద్ద ప్రమాదం లేదు, దుమ్ము లేస్తేనే. మీ అమ్మ డాబా మీద కుండీల్లో కలిపే వర్మిక్యులైట్ చూసి కంగారుపడకండి, అది ఆ గనిది కాదు. మన దగ్గర చూసుకోవాల్సింది పాత సిమెంటు రేకులు, వాటిల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, విరిగిన రేకు ముక్కలతో ఆడకండి, రంపంతో కోస్తుంటే ఆ చుట్టుపక్కల నిలబడకండి.

మావయ్య ఇంట్లో ఆ పలుకులు లేవు, బతికిపోయాం. తీసిన రోజు మీ అత్త పిల్లల్ని తీసుకుని వాళ్ళ ఫ్రెండ్ ఇంటికి వెళ్ళిపోయింది. పనివాళ్ళు ఒంటి నిండా తెల్ల సూట్లు, ముక్కుకి గట్టి మాస్కులు వేసుకుని, ఎలుక పెంటికల మీద ముందు బ్లీచి నీళ్ళు చల్లి నాననిచ్చారు. పొడిగా ఊడ్చకూడదు, ఎలుకల వల్ల హాంటా వైరస్ అని ఒకటి వస్తుంది, దుమ్ముతో పాటు ఊపిరిలోకి పోతుంది. తర్వాత లారీలో ఉన్న పెద్ద వాక్యూమ్‌కి ఏనుగు తొండమంత గొట్టం తగిలించి పీల్చేశారు, పరుపుల్లా ఉన్న పీచుని చేత్తోనే చుట్టి మూటలు కట్టారు, మీరు చూసింది అవే. నడిచేటప్పుడు దూలాల మీదే అడుగు వేయాలి, బోర్డు మీద వేస్తే కాలు కింద బెడ్‌రూమ్‌లో కనపడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోరు, అటకలో మనిషి నిలబడలేనంత వేడి, మేం అక్టోబర్లో పెట్టుకున్నాం.

ఖాళీ అయ్యాక కొత్తది వెంటనే పోసేయడం చాలామంది చేసే పని, అక్కడే డబ్బులు దండగ. వైర్లు, పైపులు, గోడల పైకొసలు, లైట్లు, ఇవన్నీ సీలింగ్‌ని చీల్చుకుని పైకి వచ్చే చోట సందులు ఉంటాయి, ఇంట్లో వేడిగాలి పొయ్యి గొట్టంలోలాగా వాటిల్లోంచి పైకి పోతూనే ఉంటుంది, పైన పీచు రెండడుగులు పోసినా అందులోంచే దూరి పోతుంది. ఈ ఒక్క పనికే ఒక రోజంతా పట్టింది, ఫోమ్‌తో మూశారు, చిమ్నీ చుట్టూ మాత్రం ఫోమ్ కాదు, ఇనుప రేకు ముక్కలు కొట్టి మంటకి తట్టుకునే సీలెంట్ పూశారు. ఎలుకలు వచ్చిన కన్నాలకి ఇనుప జాలీ. ఫ్యాన్ గొట్టం బయటికి తిప్పారు. చూరు దగ్గర గాలి లోపలికి వచ్చే దారి పీచు పడి మూసుకుపోకుండా ప్లాస్టిక్ తొట్టెల్లాంటివి కొట్టారు. ఎందుకంటే చలికాలం అటక చల్లగానే ఉండాలి, ఇది వింతగా ఉంటుంది గానీ అంతే. అటక వెచ్చబడితే కప్పు మీద మంచు కింద నుంచి కరిగి, ఆ నీళ్ళు చూరు దాకా జారి అక్కడ మళ్ళీ గడ్డకట్టి ఆనకట్ట అవుతుంది, వెనకాల నిలిచిన నీళ్ళు కప్పులోంచి ఇంట్లోకి దిగుతాయి. పోయిన జనవరిలో మావయ్య పంపిన ఫోటోలో చూరు నుంచి మంచు గాజు కత్తుల్లా వేలాడుతుంటే ఎంత బావుందో అన్నారు కదా, అదంతా హీటర్‌కి మావయ్య కట్టిన గ్యాసు బిల్లే.

కొత్తగా పోసింది సెల్యులోజ్, అంటే పాత న్యూస్‌పేపర్లు తురిమి బోరాన్ ఉప్పు కలిపినది, ఆ ఉప్పు వల్ల సులువుగా నిప్పంటుకోదు, పురుగులు కూడా పెద్దగా చేరవు. వేడిని ఎంత ఆపుతుందో చెప్పడానికి ఆర్ వాల్యూ అని ఒక లెక్క, ఈ చలి ప్రాంతంలో అటకకి 60 దాకా ఉండాలంటారు. ఇది అంగుళానికి సుమారు 3.5 ఇస్తుంది, భాగిస్తే ఎన్ని అంగుళాలో మీరే చెప్పండి. అయితే కాలం గడిచేకొద్దీ కొంచెం కుంగుతుంది, అందుకని కుంగాక ఎంత మిగలాలో చూసుకుని ముందే ఎక్కువ పోస్తారు, ఆ లెక్క సంచి మీదే అచ్చేసి ఉంటుంది. అటకలో అక్కడక్కడా కాగితం స్కేళ్ళు కూడా మేకు కొట్టి నిలబెడతారు, నిచ్చెన ఎక్కి తల పెడితే లోతు తెలిసిపోతుంది, కాంట్రాక్టరు చెప్పింది నమ్మక్కర్లేదు. నేను ఎక్కి చూశా, మీ అత్త తిట్టింది, ఈ వయసులో నిచ్చెనలేంటి మావయ్యగారూ అని.

ఇక హైదరాబాదులో మీ ఇంటికి ఇదంతా అక్కర్లేదు. మీకు బాధ పై నుంచి దిగే ఎండ, స్లాబు పగలంతా కాగి రాత్రి పది దాకా మీ గదిలోకి వదులుతుంటుంది. దానికి డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటో తెల్ల టైల్సో చాలు, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. పగుళ్ళు ముందు పూడ్చి, ఆ తర్వాతే పెయింట్ వేయించాలి, నాన్నకి చెప్పండి, ఎండలు ముదరకముందే ఫిబ్రవరిలో మనిషిని మాట్లాడమని.

మీ తాతయ్య