"పసిపిల్లలకేం తెలుస్తుంది?": అపోహలు - వాస్తవాలు

పిల్లల సైకాలజిస్టుగా నాకు రోజూ రెండు మాటలు వినిపిస్తాయి. "వీడి పుట్టుకే అంత, అచ్చం వాళ్ల తాతే" అని ఒకరంటారు. "మా పెంపకంలోనే ఏదో లోపం" అని ఇంకొకరు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. బిడ్డ కొంత స్వభావాన్ని వెంట తెచ్చుకుంటుంది. దాంతో ఎలా నెగ్గుకురావాలో మన దగ్గర నేర్చుకుంటుంది. ఇది తెలియక చాలామంది తల్లులు అనవసరంగా నలిగిపోతున్నారు.

అపోహ: కొత్తవాళ్లను చూసి బెదిరిపోతున్నారంటే అది గారాబం ఫలితమే.

వాస్తవం: హార్వర్డ్ శాస్త్రవేత్త జెరోమ్ కేగన్ నాలుగు నెలల పాపలకు కొత్త బొమ్మలు చూపించి, కొత్త శబ్దాలు వినిపించి గమనించారు. సుమారు 20 శాతం మంది కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చారు. రెండో ఏట కొత్తవాళ్ల ముందు బిగుసుకుపోయింది కూడా ఎక్కువగా ఈ పిల్లలే. నాలుగు నెలలకే గారాబంతో చెడిపోతారా?

అయితే వాళ్లంతా పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోలేదు. భయపడే ప్రతిదాన్నీ అడ్డు తీసేయకుండా, బలవంతంగా తోసేయకుండా, మెల్లగా అలవాటు చేస్తే చాలామందిలో బెదురు తగ్గుతుంది.

నా గదిలో తరచూ జరిగేదే చెప్తాను. "మేడమ్‌కి నమస్తే పెట్టు నాన్నా" అంటూ అమ్మమ్మ బెదురుతున్న పిల్లాణ్ని ముందుకు తోస్తుంది. వాడు అమ్మ చున్నీలో మొహం దాచుకుంటాడు. ఇంకోసారి తోస్తే ఏడుపు లంకించుకుంటాడు. నేను వాడివైపు చూడను. కింద కూర్చుని వాళ్లమ్మతో మాట్లాడుతూనే ఒక బొమ్మకారును నేలమీద నెడతాను. కాసేపటికి ఒక చేయి చున్నీని వదులుతుంది. ఇంకాసేపటికి కారు నావైపు తిరిగి వస్తుంది. నమస్తే సంగతి తర్వాత చూసుకోవచ్చు. వాడు తన భయాన్ని తానే దాటాడు, అది చాలు.

అపోహ: ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే చంకకు అలవాటు పడతారు.

వాస్తవం: కెనడాలో 1986లో జరిగిన ఒక పరిశోధనలో కొందరు తల్లులు బిడ్డ ఏడ్చినా ఏడవకపోయినా రోజూ ఎక్కువసేపు ఎత్తుకున్నారు. ఏడుపు బాగా ఎక్కువగా ఉండే ఆరో వారంలో ఆ పిల్లల ఏడుపూ చిరాకూ మిగతావాళ్లకంటే 43 శాతం తక్కువ. తనంతట తాను శాంతించే శక్తి ఆ వయసు మెదడుకు ఇంకా రాదు. మన ఒంటి వెచ్చదనం తగిలితే, మన గొంతు వింటే బిడ్డ కుదుటపడుతుంది.

అపోహ: రెండేళ్లవాడు కింద పడి దొర్లితే కావాలనే మొండికేస్తున్నట్టు.

వాస్తవం: ఆవేశాన్ని అదుపులో పెట్టే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటాలి. కొడితే వాడు నోరు మూసుకుంటాడు గానీ, శాంతించడం నేర్చుకోడు. బూచోడి పేరు చెప్పి భయపెట్టినా అంతే.

అపోహ: చిన్నప్పుడు ప్రేమ దొరక్కపోతే ఇక బాగుపడరు.

వాస్తవం: రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనం అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లలను గమనించింది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. వాళ్లకు మనుషులతో అనుబంధం ఏర్పడింది, తెలివితేటలూ మెరుగుపడ్డాయి. రెండేళ్లలోపే ఇల్లు దొరికినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. ఆలస్యమైతే కష్టం పెరుగుతుంది, నిజమే. అంతమాత్రాన తలుపులు మూసుకుపోవు.

అపోహ: తల్లి మనసు బాగా లేకపోయినా పాలు పట్టి, స్నానం చేయిస్తే చాలు, పసిబిడ్డకేం తెలుస్తుంది?

వాస్తవం: అన్నిటికన్నా నన్ను బాధపెట్టే అపోహ ఇదే. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త తల్లులను బిడ్డతో ఆడుకోమని, ఆ తర్వాత కాసేపు ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తూ ఉండమని చెప్పారు. బిడ్డ ముందు నవ్వి పిలిచింది, చేతులు చాచింది, ఎంతకీ జవాబు రాకపోయేసరికి మొహం పక్కకు తిప్పేసుకుంది. ఆ వయసుకే అంత తెలుసు.

అలాగని ప్రతి క్షణం నవ్వుతూ ఉండాలని కాదు. మామూలు తల్లీబిడ్డలు కూడా ఎక్కువసేపు ఒకరి భావం ఒకరికి అందకుండానే ఉంటారని, మళ్లీ దగ్గరకు తీసుకోవడమే ముఖ్యమని ట్రోనిక్ పరిశోధనలే చెబుతున్నాయి. నిన్న విసుక్కున్నారా? ఈరోజు దగ్గరకు తీసుకోండి.

తల్లి మొహంలో వారాల తరబడి ఏ కదలికా లేకపోతే మాత్రం అది డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూస్తే బాలింతల్లో సుమారు 22 శాతం మందిలో అది కనిపించింది. మన ఇళ్లలో తొలికాన్పు అయ్యాక కొన్ని నెలలు పుట్టింట్లో అమ్మ తోడుంటుంది. తర్వాత అత్తింటికి వచ్చాక పగలంతా బిడ్డతో ఒంటరిగా మిగిలేవాళ్లు ఎందరో. నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద ప్రేమ కలగడం లేదని బాధపడటం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటి సాగితే "అందరం కనలేదా ఏంటి" అని కొట్టిపారేయకండి. డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. ఆమెకు చేయించే వైద్యం బిడ్డకు కూడా వైద్యమే. రాత్రిళ్లు బిడ్డను ఇంకెవరైనా చూసుకుని, ఆమెను నిద్రపోనివ్వండి.