బ్రిటన్ డాక్టర్లు వద్దనుకున్న వార్డులు, అక్కడ చేరిన మన డాక్టర్లు

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో బ్రిటన్‌లో కోవిడ్ డాక్టర్లను కూడా పొట్టనపెట్టుకోవడం మొదలైంది. ముందుగా పేర్లు బయటికొచ్చిన పదిమందిలో తెల్లవాళ్లు ఒక్కరూ లేరు. ఇండియా, పాకిస్తాన్, శ్రీలంక, సూడాన్, నైజీరియా మూలాలున్న మనుషులు. రిటైరయ్యాక మళ్లీ పనిలోకి దిగినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. బ్రిటన్ ఆస్పత్రుల్లో బయటి దేశాల డాక్టర్లు ఇంతమంది ఎందుకున్నారో తెలియాలంటే 1950ల దాకా వెనక్కి వెళ్లాలి. అప్పట్లో లండన్‌లో ఒక కమిటీ వేసిన లెక్క తప్పింది.

యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1948 జులై 5న, అందరికీ ఉచితంగా వైద్యం అందించే ప్రభుత్వ వ్యవస్థ నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ వేల్స్‌లోని ట్రెడీగర్‌లో పుట్టిన బొగ్గుగని కార్మికుడి కొడుకు. ఆ ఊళ్లో కార్మికులు జీతంలోంచి తలా కొంత వేసుకుని సొంతంగా వైద్య సంఘం నడుపుకునేవాళ్లు. అక్కడ కళ్లారా చూసినదాన్నే ఆయన దేశమంతటికీ తెచ్చారు. డబ్బు చేతిలో లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చన్న మాట అక్కడి పేదింటి తల్లులకు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో మనం తేలిగ్గానే ఊహించుకోగలం.

అయితే కొత్త వ్యవస్థకు పాత భవనాలూ వారసత్వంగా వచ్చాయి. నిరుపేదలకు ఇంత తిండి పెట్టి పని చేయించుకున్న వర్క్‌హౌస్‌ల తాలూకు ఆస్పత్రులవి. పొడుగాటి వార్డుల్లో వృద్ధులు ఏళ్ల తరబడి మంచానికే అతుక్కుపోయి ఉండేవారు. సరైన వైద్యం, వ్యాయామం ఉంటే వీళ్లలో చాలామంది లేచి నడవగలరని మార్జొరీ వారెన్ అనే డాక్టరు 1930ల్లోనే వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో చూపించారు. అయినా కుర్ర డాక్టర్లు అటువైపు వెళ్లేవారు కాదు. ఆ పనిలో ప్రైవేటు ప్రాక్టీసు లేదు, పేరు లేదు. పెద్ద డాక్టర్లు తమ శిష్యుల్ని గుండె జబ్బుల వైపు, సర్జరీ వైపు పంపేవారు. వృద్ధుల వార్డంటే వెనకబడినవాళ్లు చేరే చోటన్న చులకన ఉండేది.

ఈ పరిస్థితిలో 1955లో ప్రభుత్వం విలింక్ కమిటీని వేసింది. దేశంలో డాక్టర్లు ఎక్కువైపోతారు, మెడికల్ సీట్లలో సుమారు పదోవంతు తగ్గించండి అని 1957లో ఆ కమిటీ చెప్పింది. జరిగింది దానికి తలకిందులు. జనాభా పెరిగింది, ఆస్పత్రుల్లో పని పెరిగింది, అక్కడ చదివిన యువ డాక్టర్లు కెనడాకూ ఆస్ట్రేలియాకూ అమెరికాకూ వెళ్లిపోసాగారు. డాక్టరు తయారవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఈ లెక్క ఒక్కరోజులో సరిదిద్దగలిగేది కాదు. సీట్లు బాగా పెంచాలని వైద్య విద్య మీద వేసిన టాడ్ కమిషన్ చెప్పేసరికి 1968 వచ్చింది. నాటింగ్‌హమ్, సౌతాంప్టన్, లెస్టర్‌లలో కొత్త మెడికల్ స్కూళ్లు 1970ల్లో గానీ మొదలవలేదు.

ఆ ఖాళీని పూడ్చింది ఉపఖండం. విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లోనే పెట్టారు. గుంటూరు కాలేజీ 1946లో వచ్చింది. 1950ల్లో హైదరాబాద్ గాంధీ, కర్నూలు, కాకినాడ, వరంగల్ కాలేజీలు వరసగా తెరుచుకున్నాయి. చదువు ఇంగ్లీషులో, పుస్తకాలు బ్రిటన్‌వి. మన ఎంబీబీఎస్‌ను అక్కడ డాక్టర్లను నమోదు చేసే జనరల్ మెడికల్ కౌన్సిల్ గుర్తించేది. పేరు పక్కన ఎఫ్ఆర్‌సీఎస్, ఎంఆర్‌సీపీ అని బ్రిటన్ పై అర్హతల అక్షరాలుంటే మన పట్టణాల్లో ఆ బోర్డుకున్న విలువే వేరు. నాలుగైదేళ్లు పనిచేసి, బ్రిటన్ డిగ్రీ తెచ్చుకుని, ఊళ్లో నర్సింగ్ హోమ్ పెట్టుకోవాలన్నది ఎంతోమంది కల. కొందరు అలాగే తిరిగొచ్చారు. కొందరు పిల్లల చదువుల దగ్గర ఆగిపోయి అక్కడే స్థిరపడ్డారు.

1962లో వలసల్ని కట్టడి చేసే చట్టం వచ్చినా డాక్టర్లకు దారి మూసుకుపోలేదు. వృత్తి నైపుణ్యమున్నవాళ్లకు వోచర్లు ఇచ్చారు. చిక్కంతా చేరాక మొదలయ్యేది. పేరున్న టీచింగ్ హాస్పిటళ్లలో మంచి పోస్టులు అక్కడే చదివినవాళ్లకు వెళ్లేవి. మనవాళ్లకు మిగిలినవి వృద్ధుల వార్డు, మానసిక వైద్యశాల, క్యాజువాలిటీ. చాలావరకు ఆరేసి నెలల ఉద్యోగాలు. గడువు తీరగానే మళ్లీ దరఖాస్తు, మళ్లీ కొత్త ఊరు, పెట్టెలు సర్దుకోవడం. పైమెట్టు దొరకనివాళ్లు ఫ్యామిలీ డాక్టర్లుగా మారి దక్షిణ వేల్స్ గని లోయలకూ ఉత్తర ఇంగ్లండ్ మిల్లు పట్టణాలకూ వెళ్లారు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే అది తక్కువ దొరుకుతుందని వేల్స్‌లోని గ్లిన్‌కోరగ్ డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో రాశారు. అలాంటి చోట్ల నిలబడినవాళ్లలో మన డాక్టర్లు ఎందరో. అదే ఏడాదికి ఇంగ్లండ్ హెల్త్ సర్వీస్ డాక్టర్లలో సుమారు 31 శాతం విదేశాల్లో పుట్టి, అక్కడే చదివినవాళ్లు.

1960 నుంచి 1963 దాకా ఆరోగ్య మంత్రిగా ఉన్న ఇనాక్ పావెల్ హయాంలో ఆస్పత్రులు ఈ డాక్టర్ల మీదే ఆధారపడి నడిచాయి. ఆ పావెలే 1968లో బర్మింగ్‌హమ్‌లో వలసలు దేశాన్ని ముంచుతాయని ప్రసంగించారు. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

1975లో మన డిగ్రీలకు గుర్తింపు పోయి, ప్రవేశ పరీక్ష వచ్చింది. వివక్ష ఉందా లేదా అన్న వాదనకు 1993లో రుజువు దొరికింది. అనీజ్ ఇస్మాయిల్, శామ్ ఎవరింగ్టన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒకే స్థాయి అర్హతలతో ఇంగ్లీషు పేర్లమీద కొన్ని, ఆసియా పేర్లమీద కొన్ని దరఖాస్తులు పంపారు. ఇంగ్లీషు పేర్లకు ఇంటర్వ్యూ పిలుపులు రెండింతలు వచ్చాయి. కల్పిత దరఖాస్తులు పెట్టారని పోలీసులు ఆ ఇద్దర్నీ అరెస్టు చేశారు. 2006లో ప్రభుత్వం శిక్షణ పోస్టుల నిబంధనలు హఠాత్తుగా మార్చడంతో బయటి దేశాల నుంచి వచ్చిన వేలాది యువ డాక్టర్ల బతుకులు అయోమయంలో పడ్డాయి. భారత సంతతి డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెక్కి, 2008లో అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి గెలిచింది.

ఒకప్పుడు ఎవరూ కోరుకోని వృద్ధుల వైద్యం ఇవాళ బ్రిటన్ ఆస్పత్రుల్లోని పెద్ద విభాగాల్లో ఒకటి. దాన్ని కట్టిన దక్షిణాసియా డాక్టర్లలో 60 మందిని ఓపెన్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి, వాళ్ల అనుభవాలు రికార్డు చేశారు. ఆ గొంతులు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.