డబ్బా వెనక్కి దూరొద్దు

కడప

చిరంజీవులు పెద్దోడికి, పాపకు ఆశీస్సులు.

కంప్యూటర్ డబ్బాను బల్ల కింద గోడకు ఆనించి పెట్టినారని, పెన్‌డ్రైవ్ పెట్టాలంటే మోకాళ్ల మీద దూరాల్సి వస్తోందని మీ నాయన ఫోన్‌లో చెప్పినాడు. దానికి బల్లను జరపక్కర్లేదు, పెన్‌డ్రైవ్ గుచ్చే యూఎస్‌బీ పోర్టునే చేతికందేలా తెచ్చుకోవచ్చు.

ముందు డబ్బా ముఖం చూడండి. అక్కడి పోర్టులు పలకడం లేదంటే పాడైనాయని తీర్మానించొద్దు. బిగించినవాళ్లు లోపలి వైరును మదర్‌బోర్డుకు (డబ్బాలోని పెద్ద సర్క్యూట్ పలకకు) తగిలించకుండానే ఒక్కోసారి మూత వేసేస్తారు. పాత రకం యూఎస్‌బీ 2.0 పోర్టుల వైరుకు 9 పిన్నులు, వేగమైన 3.0 వాటికి 19. కరెంటు తీసేసి, మీ నాయన పక్కనుండగానే విప్పండి. వంగిన పిన్నును మళ్లీ నిలబెట్టడం మహా తలనొప్పి.

డబ్బా ముఖాన పోర్టులే లేవంటే యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనండి. ఒక పోర్టును నాలుగు చేసే హబ్బు కన్నా ముందు నా ఓటు దీనికే. యూఎస్‌బీ-ఏ పోర్టు, అంటే పెన్‌డ్రైవ్ పట్టే మామూలు పోర్టు, కనీసం 1,500 సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలని నియమం. రోజుకు ఐదుసార్లు గుచ్చి పీకితే ఏడాది తిరక్కుండానే ఆ లెక్క దాటుతుంది. మర్నాడే చచ్చిపోదనుకోండి, కానీ అరుగుదల ఏదో కేబుల్ మూతి మీద పడితే ఇంకో కేబుల్‌తో పోతుంది, మదర్‌బోర్డు మీద పడితే ఖర్చు వేరు. పొడవు మాత్రం అతిగా వద్దు: 2.0కు మొత్తం 5 మీటర్లు, 3.0కు సుమారు 3. ప్రింటరుకు వాడితే ప్రింటరు సొంత వైరూ ఆ లెక్కలోదే.

పాప మౌసు బాణం ఎగిరెగిరి పడుతోందన్నారు కదా, దానికీ ఇదే మందు కావచ్చు. వైర్‌లెస్ మౌసు 2.4 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంది. పక్కనే 3.0 పోర్టులో హార్డ్‌డిస్కు పనిచేస్తుంటే ఆ రొదలో దాని మాట వినబడదు. మౌసు డాంగిల్‌ను (పోర్టులో గుచ్చే దాని చిన్న ముక్కను) ఎక్స్‌టెన్షన్ కేబుల్ చివర పెట్టి, మౌసు దగ్గరికే తెచ్చేయండి.

ఎక్కువ పోర్టులు కావాలంటేనే హబ్బు. సొంత కరెంటు అడాప్టరు లేని హబ్బు ఒకే బోరు నీళ్లను నాలుగు చేన్లకు కట్టినట్టు. 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900, అన్నీ దాంట్లోనే సర్దుకోవాలి. కీబోర్డుకు, పెన్‌డ్రైవ్‌కు చాలు. హార్డ్‌డిస్కు మాత్రం టిక్కు టిక్కుమంటా మధ్యలో మాయమవుతుంది. దాన్ని నేరుగా డబ్బాకు పెట్టండి, లేదంటే సొంత అడాప్టరున్న హబ్బు తీసుకోండి.

మీ బల్ల కడప బండ కాబట్టి హబ్బు కోసం దానికి బెజ్జాలు వేయించొద్దు, పగిలిపోవచ్చు. రెండువైపులా అంటుకునే టేపైతే బండ నున్నటి వైపు, దుమ్ము తుడిచి ఆరినాక అంటించాలి, అయినా మన ఎండలకు జిగురు జారుతుంది. అంచుకు బిగించే క్లాంపు హబ్బే మేలు. బండ మందం స్కేలుతో కొలిచి ఫోన్ చేయండి. ఏడు రోడ్ల దగ్గర అంగళ్లలో విచారించి, దొరికితే వచ్చే ఆదివారం ప్రొద్దుటూరికి తెస్తా.

ఇట్లు,
మీ జేజినాయన